చాచిన చేయి

పాఠ్యభాగ ఉద్దేశం

నగరజీవనంలో ప్రతి పౌరునికీ నిత్యం ఎదురయ్యే ఒక చిన్న ప్రశ్న వెనుక దాగి ఉన్న పెద్ద సామాజిక సమస్యను పరిచయం చేయడం, దయకూ న్యాయానికీ గల సంబంధాన్ని గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం, సాటి మనిషి పట్ల పౌరునికి గల బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

హైదరాబాదు మహానగరంలో ఏ రద్దీ కూడలిలోనైనా ఎర్రదీపం వెలగగానే వాహనాలు బారులు తీరి ఆగుతాయి. ఆగిన మరుక్షణమే వాటి నడుమ కొన్ని చేతులు ముందుకు చాచుకొని వస్తాయి. ఒక చేయి ముసలిది, వణుకుతూ ఉంటుంది. ఒక చేయి చంటిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లిది. మరొక చేయి ఎనిమిదేళ్ళైనా నిండని పసివానిది. అది కారు అద్దాన్ని వేళ్ళతో తట్టి, ఆ పిమ్మట నోటి వైపు చూపిస్తుంది. దీపం పచ్చబడేలోగా వాహనంలోని వ్యక్తి ఒక నిర్ణయానికి రావలసి ఉంటుంది. జేబులోని నాణెం తీసి ఆ చేతిలో పెట్టాలా? లేక ముఖం పక్కకు తిప్పుకొని దీపం మారేవరకు వేచి ఉండాలా?

పైకి ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. ఇస్తే పోయేది ఐదో పదో రూపాయలు. ఇవ్వకపోతే మిగిలేదీ అంతే. కాని ఒక మహానగరంలో లక్షలాది మంది ప్రతిదినమూ తీసుకొనే ఇటువంటి చిన్న నిర్ణయాల మొత్తమే ఆ పసివాడు రేపు బడిలో ఉంటాడా, అదే కూడలిలో ఉంటాడా అన్నదానిని నిర్ణయిస్తుంది. ఆ ముసలిచేతికి ఈ పూట అన్నం దొరుకుతుందా లేదా అన్నదానిని కూడా అదే నిర్ణయిస్తుంది. అందువల్ల ఈ ప్రశ్నను అలవాటుకు గాని, ఆనాటి మనఃస్థితికి గాని విడిచిపెట్టడం తగదు. ఆలోచించి ఒక నిశ్చయానికి రావడం విజ్ఞుల కర్తవ్యం.

తెలుగునాట దానానికి సమున్నతమైన స్థానం ఉన్నది. వాకిట నిలిచి భిక్ష అడిగినవానిని వట్టి చేతులతో పంపడం గృహస్థధర్మం కాదని పెద్దలు భావించారు. ధనుర్మాసంలో ఇంటి ముందుకు వచ్చిన హరిదాసు శిరసుపై గల అక్షయపాత్రలో పిల్లలచేత బియ్యం పోయించడం నేటికీ కొన్ని పల్లెలలో కనిపించే ఆచారం. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, జంగమదేవరలు, పగటివేషగాళ్ళు ఇంటింటికీ తిరిగి పొందినది కేవలం బిచ్చం కాదు. తమ ఆటకు, పాటకు, దీవెనకు ప్రతిఫలం. పేదపిల్లలు ఊరిలో ఏడిళ్ళు చూసుకొని, వారాలు చేసుకొని చదువు ముగించుకొన్న రోజులు ఉన్నాయి. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడక ఆకలిగొన్నవారికి అన్నం వడ్డించి అపర అన్నపూర్ణగా కీర్తి పొందారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టి గౌరవించింది. ఇతర మతాలలోనూ దానానికి ఇటువంటి ప్రాధాన్యమే ఉన్నది. మిగులు సంపదలో రెండున్నర శాతాన్ని పేదలకు ఇవ్వడాన్ని ఇస్లాం మతం జకాత్ పేరుతో విధిగా నిర్దేశించింది. సిక్కుల గురుద్వారాలలో లంగరు వద్ద ధనికుడూ దరిద్రుడూ ఒకే పంక్తిలో కూర్చొని భుజిస్తారు.

అయితే పూర్వులు దానాన్ని ఎంతగా ప్రశంసించారో, దాని వెనుక వివేకం ఉండాలని అంతగానూ హెచ్చరించారు. భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని సాత్త్వికం, రాజసం, తామసం అని మూడు విధాలుగా విభజించింది. తగిన చోట, తగిన కాలంలో, తగినవానికి, ప్రతిఫలం కోరక ఇచ్చినది సాత్త్విక దానం. అపాత్రునికి ఇచ్చినది తామస దానం. చాలామంది ఈ అపాత్రదానమనే మాటను మాత్రమే గుర్తుంచుకొంటారు. కాని అక్కడే మరొక మాట కూడా ఉన్నది. ఆదరణ లేక, అవమానించి ఇచ్చినది కూడా తామస దానమే. కారు అద్దాన్ని రెండంగుళాలు దించి, ముఖమైనా చూడక, విసుగుతో విసిరిన నాణెం ఏ కోవకు చెందుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పల్లెకూ నగరానికీ మధ్య ఉన్న అసలు తేడా ఇక్కడే ఉన్నది. పల్లెలో దాతకు గ్రహీత ఎవరో తెలుసు. అతని ఊరు తెలుసు, పేరు తెలుసు, ఏ ఏడు పంట పోయిందో, ఏ రోగంతో కాలు పడిపోయిందో తెలుసు. ఆ ఎరుక వల్ల పాత్రత దానంతట అదే తేలేది. నగరంలో ఆ పరిచయం లేదు. సికింద్రాబాదు రైల్వేస్టేషను ఎదుట కూర్చున్న వృద్ధుడు ఏ జిల్లానుంచి వచ్చాడో, ఎవరు దింపి వెళ్ళారో ఆ దారిన పోయే వేలమందిలో ఒక్కరికీ తెలియదు. పాత్రత తెలుసుకోవడానికి ఎర్రదీపం వెలిగి ఉన్న ఆ కాస్త సమయం చాలదు. అందుచేత నగరవాసి తెలియక ఇస్తాడు, లేదా తెలియక మానుతాడు. రెండింటిలోనూ లోపించినది ఎరుకే.

యాచకులకు ధనం ఇవ్వరాదనేవారి వాదాన్ని తేలికగా తోసివేయడానికి వీలులేదు. ఇచ్చేవారున్నంత కాలం అడిగేవారుంటారని వారి మొదటి మాట. చేతిలో పడిన నాణెం ఆ చేతిలోనే ఉంటుందన్న నమ్మకం లేదన్నది రెండవ మాట. అడుక్కునేవాని దగ్గర గీక్కునేవాడన్న సామెత ఊరికే పుట్టలేదు. పిల్లలను, వికలాంగులను కూడళ్ళలో నిలబెట్టి, సాయంత్రానికి వసూళ్ళు లెక్కపెట్టుకొనే దుర్మార్గులు ఉన్నారన్నది వాస్తవమే. ఇచ్చిన డబ్బు అన్నానికి కాక మద్యానికి పోతుందన్నది మూడవ మాట. శ్రమకు విలువ తగ్గుతుందన్నది నాలుగవ మాట. ఆరోగ్యవంతుడైన మనిషికి ఏదో ఒక నిజాయితీ గల పని చేయకుండా ఉచితంగా అన్నం పెట్టడం తనకు సమ్మతం కాదని గాంధీజీ కూడా స్పష్టంగా రాశారు. ఆయన దృష్టిలో పేదవానికి కావలసింది బిచ్చం కాదు, పని. రాట్నాన్ని ఆయన ముందుకు తెచ్చిన కారణాలలో ఇది ఒకటి.

ఇవ్వాలనేవారి వాదంలోనూ అంతే బలం ఉన్నది. ఆకలి పథకాల కోసం ఎదురుచూడదు. ప్రభుత్వం ఆశ్రయం కట్టేదాకా, చట్టం మారేదాకా కడుపు ఆగదు. పదిమందిలో తొమ్మిదిమంది మోసగాళ్ళే అయినా, వారిని చూపి నిజంగా ఆకలిగొన్న పదవవానికి అన్నం లేకుండా చేయడం న్యాయం కాదు. పైగా ఎండలో, పొగలో, తిట్లు తింటూ, ఛీత్కారాలు భరిస్తూ దినమంతా చేయి చాచి నిలబడడం సుఖమైన జీవనమని ఎవరనగలరు? కూటి కోసం కోటి విద్యలంటారు. ఆ కోటి విద్యలలో ఏ ఒక్కటీ అందుబాటులో లేనివాడే చాలావరకు ఈ చివరి విద్యను ఆశ్రయిస్తాడు. ఇక ఇచ్చిన ఐదు రూపాయలు ఎలా ఖర్చు చేశావని నిలదీసే హక్కు దాతకు ఉన్నదా అన్నది కూడా ఆలోచించదగిన ప్రశ్నే.

ఈ రెండు వాదాలలోనూ సత్యం ఉన్నది. రెండింటిలోనూ ఒకే లోపం ఉన్నది. యాచకుడు అనే మాట కింద అందరినీ ఒకే గాట కట్టడమే ఆ లోపం. 2011 జనాభా లెక్కలలో భారతదేశంలో యాచకులు, దేశదిమ్మరులు కలిసి 4,13,670 మంది ఉన్నట్లు నమోదైంది. వీరిలో పురుషులు 2,21,673 మంది, స్త్రీలు 1,91,997 మంది. ఈ అంకె వెనుక ఉన్నవారు ఒకే రకం మనుషులు కారు. కన్నబిడ్డలు వదిలివేసిన వృద్ధులున్నారు. కంటిచూపు లేనివారు, కాళ్ళు లేనివారు ఉన్నారు. మందులతో పూర్తిగా నయమయ్యే కుష్ఠువ్యాధి వచ్చి, నయమైన తరువాత కూడా ఇంటికి చేర్చుకొనేవారు లేక వీధిన పడినవారున్నారు. మతిస్థిమితం కోల్పోయి తమ పేరు కూడా చెప్పలేనివారున్నారు. కరువు జిల్లాలనుంచి కూలి కోసం వచ్చి, అడ్డా మీద పని దొరకక, జబ్బుపడి, తిరిగి వెళ్ళడానికి ముఖం చెల్లక మిగిలిపోయినవారున్నారు. తమ ఆటపాటలకు ఆదరణ పోయిన సంచార జాతులవారున్నారు. ఎవరో తెచ్చి నిలబెట్టిన పిల్లలున్నారు. వీరందరికీ ఒకే మందు వేయాలనుకోవడం జ్వరానికీ ఎముక విరిగినదానికీ ఒకే మాత్ర ఇవ్వడం వంటిది.

దురదృష్టవశాత్తు చట్టం కూడా చాలాకాలం ఈ పొరపాటే చేసింది. 1959లో వచ్చిన బొంబాయి యాచక నిరోధక చట్టం బహిరంగ స్థలాలలో యాచించడాన్ని నేరంగా పరిగణించింది. పాట పాడి, నాట్యమాడి, జోస్యం చెప్పి, చిన్న చిన్న వస్తువులు అమ్మే నెపంతో అడిగినా అది యాచనే అన్నది. వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారి పట్టుబడినవానిని ఒక సంవత్సరంనుంచి మూడు సంవత్సరాల వరకు, మళ్ళీ మళ్ళీ పట్టుబడితే పది సంవత్సరాల వరకు నిర్బంధ గృహంలో ఉంచవచ్చు. ఢిల్లీతో సహా పలు ప్రాంతాలకు ఈ చట్టం విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1977లో ఇటువంటి చట్టం వచ్చింది. హరిదాసు పాట, గంగిరెద్దు ఆట కూడా నేరమయ్యే ఈ తరహా నిర్వచనం పల్లె సంస్కృతిని ఎంత అపార్థం చేసుకొన్నదో గమనించవచ్చు.

2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఈ చట్టంలో యాచనను నేరంగా చూపే నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తిండి, బట్ట, ఆశ్రయం కల్పించలేని ప్రభుత్వం, వాటి కోసం చేయి చాచినవానిని శిక్షించడం ఏమి న్యాయమన్నది ఆ తీర్పు సారాంశం. 2021 జులైలో సుప్రీంకోర్టు, వీధులలో యాచకులు కనిపించకుండా చేయాలన్న అభ్యర్థనను విచారిస్తూ, సంపన్నవర్గాల దృష్టితో ఈ విషయాన్ని చూడజాలమని చెప్పింది. వేరే దారి లేకనే మనుషులు వీధుల్లోకి వస్తారని, ఇది సామాజిక, ఆర్థిక సమస్య అని వివరించింది. యాచకుల గృహాలు శిక్షాలయాలుగా కాక పునరావాస కేంద్రాలుగా నడవాలని 2025 సెప్టెంబరులో మరొకమారు స్పష్టం చేసింది.

న్యాయస్థానాల ఆలోచన ఈ దారిన సాగుతుండగా నగరాల ఆచరణ వేరుదారిన సాగింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు వీధులలోని యాచకులను తొలగించారు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు మళ్ళీ అదే జరిగింది. బహిరంగ ప్రదేశాలలో యాచనను రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. వందలాది మందిని చంచల్‌గూడ, చర్లపల్లి కారాగారాల ఆవరణలలోని ఆనంద ఆశ్రమాలకు తరలించారు. యాచకుల ఆచూకీ తెలిపినవారికి ఐదువందల రూపాయల బహుమతి కూడా ప్రకటించారు. అక్కడ వారికి అన్నం పెట్టారు, స్నానం చేయించారు, వైద్యం చేయించారు. అది మంచిపనే. కాని ఆ అన్నం పెట్టవలసిన అవసరం విదేశీ అతిథి వచ్చేదాకా ఎందుకు గుర్తుకు రాలేదన్నదే ప్రశ్న. అతిథులు వెళ్ళారు, నిషేధపు గడువు ముగిసింది, కూడళ్ళలోకి చేతులు తిరిగి వచ్చాయి. ఇంటిని ఊడ్వకుండా చెత్తను చాప కింద దాచడం వంటిదే ఇది. పైగా దాచినది చెత్తను కాదు, మనుషులను.

2025లో మరొక కొత్త పోకడ కనిపించింది. ఆ ఏడాది జనవరి 1నుంచి మధ్యప్రదేశ్‌లోని ఇండోరులో యాచకులకు డబ్బు ఇచ్చినవారిపైనే కేసు పెట్టాలని జిల్లా అధికారులు నిర్ణయించారు. ఫిబ్రవరిలో భోపాలులోనూ ఇటువంటి ఉత్తర్వు వచ్చింది. ఇచ్చే చేతిని ఆపితే చాచే చేయి దానంతట అదే ముడుచుకొంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. పునరావాసం ముందుగా సిద్ధమై ఉంటే ఈ ఆలోచనకు కొంత అర్థం ఉంటుంది. చేర్చుకొనే ఇల్లు సిద్ధం కాకముందే ఇచ్చే చేతిని శిక్షించడం మాత్రం దయనే నేరంగా మార్చడమవుతుంది. చట్టం శిక్షించవలసింది అడిగినవానిని కాదు, ఇచ్చినవానినీ కాదు; అడిగించి బతికేవానిని.

మరి పౌరుడు చేయవలసినదేమిటి? చాచిన చేయి ఎవరిదో చూసి నిర్ణయించుకోవడమే దీనికి సమాధానం.

ఆ చేయి పసిబిడ్డదైతే అందులో ధనం పెట్టరాదు. ఈ మాట కఠినంగా వినిపించవచ్చు. కాని ఒక చిన్న లెక్క వేసి చూస్తే దీని కారణం బోధపడుతుంది. ఒక కూడలిలో గంటకు ఇరవైసార్లు ఎర్రదీపం వెలుగుతుందని, ప్రతిసారి ఒక్కరు మాత్రమే ఐదు రూపాయలు ఇస్తారని ఊహిస్తే, గంటకు నూరు రూపాయలు, ఆరు గంటలకు ఆరువందల రూపాయలు అవుతాయి. ఏ ఒక్క దాతా ఐదు రూపాయలకు మించి ఇవ్వలేదు. ఏ ఒక్కరికీ చెడు తలంపు లేదు. అయినా ఆ మొత్తమే ఆ బిడ్డను బడికి పంపకుండా కూడలిలో నిలబెట్టడానికి పెద్దవారికి కావలసిన కారణమవుతుంది. బిడ్డ ఎంత చిన్నదైతే జాలి అంత ఎక్కువ, జాలి ఎంత ఎక్కువైతే రాబడి అంత ఎక్కువ. ఆ జాలికి మాత్రం గడువు ఉన్నది. ఆరేళ్ళ పిల్లవానిని చూసి కరిగిన మనసు పదహారేళ్ళ కుర్రవానిని చూసి కరగదు. ఒళ్ళు వంచి పని చేసుకోరాదా అని కసురుకొంటుంది. అప్పటికి అతని చేతిలో చదువు లేదు, పనితనం లేదు. దయగల వేలమంది కలిసి, తమకు తెలియకుండానే, అతనిని అక్కడికి చేర్చారు.

పిల్లలచేత యాచన చేయించడం ఘోరమైన నేరం. 2015 నాటి బాలల న్యాయ చట్టం దీనికి ఐదేళ్ళ వరకు జైలును, లక్ష రూపాయల జరిమానాను విధించింది. 2024 జులై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, యాచన కోసం బిడ్డను అపహరించినవారికి పదేళ్ళకు తగ్గని కఠిన శిక్షను నిర్దేశించింది. అదే సమయంలో యాచిస్తూ కనిపించిన బిడ్డను చట్టం నేరస్థునిగా కాక, సంరక్షణ అవసరమైన బిడ్డగా చూస్తుంది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇటువంటి పిల్లలను గుర్తించి సంరక్షణకు చేరుస్తున్నారు.

అయితే నాణెం ఇవ్వకుండా ముందుకు సాగిపోవడంతో పౌరుని బాధ్యత తీరదు. రాబడి తగ్గిన సాయంత్రం ఆ బిడ్డకు దెబ్బలు తగలవచ్చునన్న సంగతిని కూడా ఎదుర్కోవలసి ఉంటుంది. కనుక ఇవ్వనన్నవాడు 1098కి ఫోను చేయడానికి బద్ధుడు. బాలల సహాయం కోసం ఏర్పాటైన ఈ సంఖ్యకు ఫోను చేస్తే, కూడలి పేరు, సమయం, బిడ్డ వయసు చెప్పితే చాలు. బిడ్డ ఆకలి చూసి మనసు ఆగకపోతే అక్కడే తినగల అరటిపండో, రొట్టెముక్కో ఇవ్వవచ్చు. బిడ్డ కడుపులో పడినదానిని మరొకరు లాక్కోలేరు. ఫోను చేయకుండా నాణెం మానుకోవడం మాత్రం వివేకం కాదు. అది కేవలం పొదుపు.

ఆ చేయి వృద్ధులదో, వికలాంగులదో అయితే తర్కించడానికి ఆగనక్కరలేదు. శ్రమించే వయసు దాటినవారికి, శ్రమించే శక్తి లేనివారికి శ్రమధర్మాన్ని బోధించడం హృదయం లేని పని. గాంధీజీ చెప్పిన మాట ఆరోగ్యవంతునికి మాత్రమే వర్తిస్తుంది. 2014లో హైదరాబాదు నగరపాలక సంస్థ ఐదు రూపాయలకే భోజనం పెట్టే కేంద్రాలను ఆరంభించింది. 2025నుంచి ఇవి ఇందిరమ్మ క్యాంటీన్లుగా అల్పాహారం కూడా అందిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై, కొంతకాలం మూతపడి, 2024లో తిరిగి తెరుచుకొన్న అన్న క్యాంటీన్లలోనూ భోజనం ధర ఐదు రూపాయలే. అంటే ఈ కేంద్రాలున్న చోట, విలువ లేదనుకొని కొందరు విసిరివేసే ఆ నాణెం ఒక మనిషికి ఒక పూట అన్నమవుతుంది. కాని ఆ కేంద్రం వరకు నడవలేనివారికి ఆ అన్నం అందదు. అటువంటివారికి ఒక పొట్లం తెచ్చి చేతికందించడం నాణెం కంటె మేలు. తెచ్చే తీరిక లేనివారు నాణెమే ఇవ్వవచ్చు. కాని చేతిలో పెట్టాలి, విసరరాదు. ముఖం చూసి ఇవ్వాలి. దిక్కులేని వృద్ధుల కోసం 14567 అనే సహాయ సంఖ్య ఉన్నది. రోజూ ఒకే చోట కనిపించే వృద్ధుని విషయంలో ఒక్కరు ఒక్కసారి ఈ సంఖ్యకు ఫోను చేస్తే, వందమంది వేసే నాణేలకంటె ఎక్కువ మేలు జరిగే అవకాశం ఉన్నది.

మతిస్థిమితం లేక తిరిగేవారికి ధనంతో ప్రయోజనం లేదు. అటువంటివారిని రక్షణలోకి తీసుకొని వైద్యపరీక్షకు చేర్చే బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసులపై ఉంచింది. దగ్గరి పోలీసు స్టేషనుకు తెలియజేయడమే ఇక్కడ చేయదగిన దానం.

ఇక పనిచేయగల శక్తి ఉండి చేయి చాచేవారి సంగతి. వీరిలో సోమరులు లేరని చెప్పలేము. కాని శక్తి ఉన్నంత మాత్రాన పని దొరుకుతుందని భావించడం కూడా పొరపాటే. ఉండడానికి చిరునామా లేనివాడు, ఒంటి మీద శుభ్రమైన బట్ట లేనివాడు, గుర్తింపు కార్డు లేనివాడు పనికి వస్తానంటే చేర్చుకొనే యజమానులు ఎందరు? అటువంటివానికి ముందుగా కావలసింది తలదాచుకొనే చోటు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబవళ్ళు తెరిచి ఉండే ఆశ్రయాలు నగరాలలో ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ లెక్కన కోటి జనాభా గల నగరానికి నూరు ఆశ్రయాలు కావాలి. యాచకుల పునరావాసం కోసం కేంద్రప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో స్మైల్ పేరుతో ఒక పథకాన్ని ఆరంభించింది. గుర్తించడం, ఆశ్రయం కల్పించడం, వైద్యం చేయించడం, పని నేర్పడం దాని లక్ష్యాలు. ఇటువంటి పథకాలు కాగితం మీద ఉన్నాయా, కాలిబాట మీదకు దిగి వచ్చాయా అని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి పౌరునికీ ఉన్నది. తన వార్డులో ఆశ్రయం ఉన్నదా అని కార్పొరేటరును అడిగినవాడు కూడా దాతే.

యాచన సమస్యకు ప్రభుత్వమే పరిష్కారం చూపాలని చెప్పి చేతులు దులుపుకొనేవారున్నారు. నాణెం వేసి పుణ్యం మూటకట్టుకొన్నామని తృప్తిపడేవారున్నారు. చూడబోతే ఈ ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ కోరుకొనేది ఆ చేయి త్వరగా అద్దం ముందునుంచి తొలగిపోవాలనే. ఒకరు ఇచ్చి తొలగిస్తారు, మరొకరు ఇవ్వక తొలగిస్తారు. దానం అసలు లక్ష్యం ఆ చేతిని తొలగించడం కాదు. ఆ చేయి మళ్ళీ చాచవలసిన అవసరం లేకుండా చేయడం. నాణెం వేసినంత మాత్రాన ఋణం తీరదు. వేయనంత మాత్రాన న్యాయం జరగదు.

కళాశాలలో చదివే యువతీయువకులు ప్రతిదినమూ ఇవే కూడళ్ళ మీదుగా బస్సులలో, బండ్లపై ప్రయాణిస్తారు. తమ వయసువారే కొందరు అద్దాల అవతల నిలబడి ఉండడం చూస్తారు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది ప్రతిభలోని తేడా కాదు. ఒకరిని చేయి పట్టి బడికి నడిపించినవారున్నారు. మరొకరిని చేయి పట్టి కూడలిలో నిలబెట్టినవారున్నారు. అంతే. ఈ సంగతిని గ్రహించిన విద్యార్థి ఆ ముఖాన్ని చూసి పక్కకు తిరగడు. ఎవరికి అన్నం కావాలో, ఎవరికి వైద్యం కావాలో, ఎవరి కోసం ఫోను చేయాలో తెలుసుకొంటాడు. తెలుసుకొని ఇచ్చినప్పుడే దానం దానమవుతుంది.

ప్రశ్నలు

1. పల్లెలోని దానానికీ నగరంలోని దానానికీ మధ్య గల భేదాన్ని వివరించండి.
2. యాచకులకు ధనం ఇవ్వరాదనేవారి వాదాన్ని, ఇవ్వాలనేవారి వాదాన్ని పోల్చి మీ అభిప్రాయం రాయండి.
3. పసిబిడ్డల చేతిలో ధనం పెట్టరాదనడానికి పాఠంలో చూపిన కారణాలు ఏవి?
4. ‘ఫోను చేయకుండా నాణెం మానుకోవడం వివేకం కాదు, అది కేవలం పొదుపు’ — ఈ వాక్యాన్ని సమర్థిస్తూ లేదా ఖండిస్తూ రాయండి.
5. మీ ఊరిలో నిరాశ్రయుల కోసం ఉన్న సదుపాయాలను తెలుసుకొని ఒక నివేదిక రూపొందించండి.